లచ్చమ్మ చెప్పిన మాట

కామాటిపుర గల్లీలో, వరసగా ఒంటిగదుల ఇళ్లున్న ఆ చాళ్లో పొద్దున్నే నల్లా వస్తుంది. ఆడవాళ్లు నీళ్ల హండాలు వరసలో పెట్టి, పళ్లు తోముకుంటూ, రాత్రి చూసిన సీరియల్ గురించి మాట్లాడుకుంటారు. ఆ వరసలో లచ్చమ్మ కూడా ఉంటుంది. ఆమె చనిపోయి చాలా కాలమైంది. అయినా నీళ్లొచ్చే వేళకు మెట్లెక్కి వస్తుంది, కొడుకింటి హండా నింపి కోడలికందిస్తుంది, కాసేపు గడపలో కూచుని పోతుంది. ముందున్నవాళ్లు కొంచెం జరిగి చోటిస్తారు. మోకాళ్లెట్లున్నయని అడిగితే, "ఇప్పుడు నొప్పి లేదు" అంటుంది.

కోడలు ప్రతీక్షకు అత్తే పెద్దదిక్కు. అమ్మానాన్నా లేరు. అక్క మేఘా ధారావిలో ఉంటుంది గానీ, అక్కడికి పోతే శివరాంకు గిట్టదు. శివరాం లచ్చమ్మకు ఒక్కగానొక్క కొడుకు, ఇళ్లకు రంగులేస్తాడు. బయట నెమ్మదస్తుడని పేరు. ఇంట్లో చెయ్యి లేస్తుంది. నిరుడు ప్రతీక్ష మణికట్టు విరిగినప్పుడు దవాఖానకు అత్తే తోడొచ్చింది. ఎట్లయిందని డాక్టరు అడిగితే, ప్రతీక్ష నోరు తెరిచేలోపే, "నల్లా కాడ జారిపడ్డది" అనేసింది. బతికున్నప్పుడు తన దెబ్బలకూ ఆమె అదే చెప్పేది. భర్త భూమయ్య కన్నుమూసేదాకా లచ్చమ్మ నల్లా దగ్గర జారిపడుతూనే ఉంది.

ఆ ఆదివారం పొద్దున ప్రతీక్ష, అక్క దగ్గరికి పోయొస్తానంది. శివరాం చాయ్ గ్లాసు కింద పెట్టి లేచాడు. ఈసారి కొట్టలేదు. గొంతు పట్టుకుని గోడకు అదిమాడు. ఆమె కళ్లముందు వెలుతురు సన్నగిల్లింది. తెలివొచ్చేసరికి నేలమీద ఉంది, అతని చెప్పులు గుమ్మంలో లేవు. అత్తను పిలుద్దామంటే గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

లచ్చమ్మ నీళ్లతో లోపలికొచ్చింది. హండా దించి కోడలి మెడ చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత దండెం మీది చున్నీ తీసి ఆ మెడ చుట్టూ కప్పింది.

"లెవ్వు బిడ్డా. దవాఖానకు పోదాం."

టాక్సీలో దారి పొడుగునా అత్త ఆమె చెయ్యి వదల్లేదు. నాగ్‌పాడా బజారులో అప్పుడే దుకాణాలు తెరుస్తున్నారు. మింగుడు పడని నొప్పికన్నా ప్రతీక్షను ఇంకొకటి ఎక్కువ భయపెట్టింది. ఇవాళ తనకు మాట లేదు. చెప్పేది అత్తే. అత్త ఏం చెబుతుందో ఆమెకు తెలుసు. చున్నీ ఎందుకు కప్పిందో కూడా తెలుసు.

క్యాజువాలిటీలో ఉన్న డాక్టరమ్మ చిన్న వయసుది. ఏమైందని మరాఠీలో అడిగింది. ప్రతీక్ష పెదాలు కదిపింది. డాక్టరమ్మ లచ్చమ్మ వైపు తిరిగింది.

"మీరేమవుతారు?"

"అత్తను."

"ఎట్లా జరిగింది?"

లచ్చమ్మ కొంగు అంచు వేలికి చుట్టుకుంది. "నల్లా కాడ..." అని ఆగింది. ప్రతీక్ష కళ్లు మూసుకుంది.

మెడ దగ్గర చల్లటి వేళ్లు తగిలాయి. అత్త చున్నీ విప్పుతోంది.

"నల్లా కాడ కాదు," అంది లచ్చమ్మ, తనకొచ్చిన మరాఠీలో తెలుగు కలుపుతూ. "నా కొడుకు గొంతు పిసికిండు. శివరాం వాని పేరు. నిరుడు చెయ్యి ఇరగ్గొట్టింది గూడ వాడే. అప్పుడు నేను అబద్ధం చెప్పిన."

డాక్టరమ్మ టార్చి వేసి ప్రతీక్ష కళ్లలో చూసింది. తెల్లగుడ్డు మీద ఎర్రటి చుక్కలున్నాయి. స్పృహ తప్పిందా అని అడిగితే ప్రతీక్ష తలూపింది. వెంటనే ఆక్సిజన్ పెట్టి స్కాన్‌కు తీసుకెళ్లారు. గొంతు లోపల వాపు మొదలైంది. ఇంటికి పోయి పడుకునుంటే ఊపిరి అందకపోయేదని డాక్టరమ్మ చెప్పింది. పోలీసులకు చెప్పమంటావా అనీ అడిగింది. ప్రతీక్ష అత్త మొహం చూడలేదు. చూడకుండానే తలూపింది.

మధ్యాహ్నం శివరాం కొబ్బరిబొండం పట్టుకుని వార్డులోకొచ్చాడు. మంచం పక్కనున్న కానిస్టేబుల్‌ను చూసి, తల్లి వైపు తిరిగాడు.

"అమ్మా, నువ్వు చెప్పినవా?"

"చెప్పిన."

"నీ కొడుకునే గదా నేను."

"గందుకే ఇన్నేండ్లు చెప్పలే."

అతను నిలుచున్నచోటే ఏడ్చాడు. లచ్చమ్మ కొంగుతో అతని మొహం తుడిచింది, ముక్కు కూడా తుడిచింది. బొండం అందుకుని బల్ల మీద పెట్టింది.

"పదండి సాబ్. నేను గూడ వస్త. వాడు ఒక్కడు పోలేడు," అంది కానిస్టేబుల్‌తో. ఆయన సరేనన్నాడు.

ప్రతీక్ష చెయ్యి చాపింది. లచ్చమ్మ వెనక్కి వచ్చి దుప్పటి సర్దింది.

"ఇగ నా కోసం చూడకు బిడ్డా."

కొడుకు వెనకాలే నడిచి వెళ్లిపోయింది. అత్త చనిపోయిన రోజు ప్రతీక్ష సరిగా ఏడవనే లేదు. మర్నాడు పొద్దున్నే నీళ్లకు వచ్చేసింది కదా. ఇప్పుడు ఏడ్చింది, గొంతు లేకుండానే.

నర్సు వచ్చి ఎవరికి ఫోన్ చెయ్యాలని అడిగింది. ప్రతీక్ష అక్క నంబరు నొక్కింది. నర్సు ఫోన్ ఆమె నోటి దగ్గర పట్టుకుంది. అవతల మేఘా హలో, హలో అంటోంది. మాట రాలేదు. ఊపిరి ఒక్కటే, బరువుగా, పోతూ వస్తూ.



"ప్రతీక్షా," అంది మేఘా. "నువ్వేనా చెల్లె?"