ఖాళీ జాగాలో కుర్చీ

మంచు తుపాను మొదలవకముందే టూలీ దాని చరిత్ర మొదలుపెట్టాడు.

"ఇదీ ఒక మంచు తుపానేనా అమ్మాయ్? మంచు అంటే పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో పడింది. సముద్రం గోడ దూకొచ్చి మా మేనత్త వంటింట్లో కూర్చుంది."

సౌత్ బోస్టన్‌లో నోరీన్ ఎదురింట్లో ఉండే ఆ ముసలాయనకి ప్రతి తుపానూ ఆ పాతదానికి చెల్లెలే, అదీ చేతకాని చెల్లెలు.

నోరీన్‌కి చరిత్రతో పని లేదు. ఏడాది నిండని కొడుకు కీరన్‌కి ఊపిరి ఎక్కడ పట్టేస్తుందోనన్నదే ఆమె దిగులు. మొగుడేమో మంచు తోసే బండి మీద పనికెళ్ళి ఇంకా రాలేదు. మంచు ఆగగానే పార పట్టుకుని, ఇంటి ముందు కారు పట్టేంత జాగా తవ్వింది. వాళ్ళకి కారు లేదు. పిల్లాడికి ఏదైనా అయితే, ఇళ్ళకొచ్చి చూసే నర్సు బండి ఆపుకోడానికి. ఎవరూ ఆక్రమించకుండా వంటింటి కుర్చీ తెచ్చి నడిమధ్య పెట్టింది. ఆ పేటలో దొరికిన పర్సు జేబులో వేసుకునేవాళ్ళుంటారు గానీ, తవ్విన జాగాలో కుర్చీ కదిపేవాడుండడు.

ఆ సాయంత్రమే కుక్క మొరిగినట్టు కీరన్ దగ్గసాగాడు. ఫోన్ చేస్తే నర్సు డొలోరెస్ "దగ్గర్లోనే ఉన్నా, వస్తున్నా" అంది గానీ ఎంతకీ రాలేదు. నోరీన్ మళ్ళీ ఫోన్ చేసింది.

"ఎక్కడున్నారండీ? వీడు ఊపిరి లాగలేకపోతున్నాడు."

"మీ వీధి చుట్టూనే తిరుగుతున్నా తల్లీ. బండి ఆపడానికి చోటేది? ఒక్కటుంది, దాంట్లో కుర్చీ ఉంది."

"అది నేనే పెట్టానండీ, మీకోసమే."

"నాకోసమని దానిమీద రాసుందా? ముట్టుకుంటే తెల్లారేసరికి నా టైర్లలో గాలుంటుందా? నేనూ ఈ పేటలో పుట్టినదాన్నే."

కుర్చీ తనే వెళ్ళి తీయాలి, పిల్లాణ్ణి ఎవరికప్పగిస్తుంది? కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి, చలిగాలి సోకకుండా పెంచిన బిడ్డని దుప్పట్లో చుట్టి, గడ్డకట్టే వీధిలోకి పరుగెత్తింది. ఒక చేత్తో కుర్చీ పక్కకి లాగి, నర్సు బండి జారి జారి జాగాలో కుదురుకునేదాకా నిలబడింది. అప్పటికి దగ్గు సద్దుమణిగింది.

డొలోరెస్ దిగి పిల్లాడి ఛాతీకి గొట్టం ఆనించి విన్నది. "ఈ రకం దగ్గుకి చల్లగాలే మందు. నేను చెప్పేలోగా నువ్వే చేసేశావు. ఎవరు చెప్పారు?"

నోరీన్ కుర్చీని చూపించింది.

టూలీ కిటికీ తీశాడు. "డెబ్బై ఎనిమిదిలో కూడా కుర్చీ తీసినవాణ్ణి నేనెరగను."

"కుర్చీ నాదే తాతా."

"ఎవరిదైతేనేం."

పిల్లాడు నిద్రపోయాక నర్సు బయల్దేరింది. బండి వీధిలోకి తీసి, నోరీన్ కుర్చీని మళ్ళీ నడిమధ్య పెట్టేదాకా కదల్లేదు.

"మళ్ళీ రావలసొస్తే?" అంది నోరీన్.

"ఫోన్ చేస్తాలే. వచ్చి కుర్చీ తీద్దువుగాని."