పక్కనుంచి చూస్తే

ఆపిల్ పండ్లు సన్నటి ముక్కలుగా కోసి పళ్ళెంలో సర్ది ఆమె ముందుగదిలోకి తెచ్చేసరికి, తల్లీకొడుకులు ఒకే ఫోన్లోకి తల వంచుకుని చూస్తున్నారు.

“ఇప్పుడు కదా మనింటి కోడల్లా ఉంది,” అంది అత్తగారు.

ఫోన్లో ఉన్నది ఆమె మొహమే. కాకపోతే ఇంకా లేని మొహం. ఆ పొద్దున దవడల డాక్టరమ్మ కంప్యూటర్లో చూపించిన బొమ్మ అది. పక్కనుంచి తీసిన ఫొటోలో పై దవడని కాస్త వెనక్కి నెట్టి, కింది దవడని ముందుకు లాగి, ఆపరేషన్ అయ్యాక సుమారుగా ఇలా ఉంటారని చెప్పింది. పక్కనే ఉన్న భర్త కుర్చీ ముందుకు జరుపుకుని మరీ చూశాడు. రెప్ప వెయ్యకుండా చూశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను తన వంక ఒక్కసారైనా అలా చూశాడా అని ఆమె జ్ఞాపకాల్లో వెతుక్కుంది. దొరకలేదు. “ఇది నా ఫోన్‌కి పంపిస్తారా మేడమ్?” అని అడిగాడు. తర్వాత గొంతు తగ్గించి, “ఎలాగూ కోస్తున్నారు కదా, గడ్డం కూడా కొంచెం ముందుకు తెస్తే ఇంకా బాగుంటుందేమో” అన్నాడు, గోడ లేస్తుండగా మేస్త్రీకి కిటికీ ఎక్కడ పెట్టాలో చెప్పినట్టు.

ఎత్తుపళ్ళు ఆమెతో పుట్టినవి. వాటి గురించిన మాటలు మాత్రం పెరుగుతూ వచ్చాయి. బళ్ళో ‘కుందేలు’ అన్నారు. సంబంధాలు చూసే రోజుల్లో అమ్మ “నోరు మూసుకుని నవ్వవే తల్లీ” అని బతిమాలి ఫొటో తీయించింది. ఆ ఫొటో చూసే అతను ఒప్పుకున్నాడు. చుట్టాలెవరొచ్చినా ఆ సంగతి కథలా చెప్పేవాడు. “ఫొటోలో నోరు మూయించి నన్ను మోసం చేశారు. తెరిచేసరికి నా పని అయిపోయింది.” అందరూ నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది, నవ్వకపోతే సరదా తెలియని మనిషంటారని. కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగమూ అంతే. మొదట్లో ముందు కౌంటర్లో ఉండేది. ఒకరోజు ఓనరు మెత్తగా, “మీ చేతిలో పనితనం ఉందమ్మా, లోపల అద్దాలు అరగదీసే మిషన్ దగ్గర ఉండండి” అన్నాడు. పనితనం మెచ్చినవాడు జీతం మాత్రం పెంచలేదు. అప్పటినుంచి కిటికీ లేని గదిలో కూర్చుని ఎవరెవరి చూపుకో అద్దాలు బిగిస్తోంది. కడుపు పోయి ఆస్పత్రినుంచి ఇంటికొచ్చిన సాయంత్రం, అత్తగారు ఆమె కాళ్ళమీద దుప్పటి కప్పుతూ ప్రేమగానే అంది: “పోనీలే. ఆ పళ్ళతో ఆడపిల్ల పుట్టుంటే ఏం చేసేవాళ్ళం?” ఆ ప్రేమే ఆమెకి ఇప్పటికీ మింగుడుపడదు.

ఇన్ని మాటల్లో ఒక్కటీ నొప్పి గురించి కాదు. నోరు మూస్తే కింది పళ్ళు వెళ్ళి అంగిలికి గుచ్చుకుంటాయి. అక్కడి పుండు మానదు. రొట్టె కొరకలేదు, తుంచి లోపలి పళ్ళకి అందించుకోవాలి. సాయంత్రమయ్యేసరికి చెవి ముందు కీలు పట్టేసి తలంతా సలుపుతుంది. ఆ తలతోనే వంటింట్లోకి వెళ్ళాలి. “నొప్పులు ఎవరికి లేవు? అదే అలవాటైపోతుంది” అనేవాడు అతను. ఆమె తన జీతంలోంచి మిగుల్చుకుని పళ్ళకి తీగలు కట్టించుకుంటే, “ఉన్నదానికి తోడు ఇదొకటా” అన్నాడు. ఏడాది పైన తీగలు మోశాక ఇప్పుడు ఆపరేషన్ దాకా వచ్చింది. ఇప్పుడు మాత్రం ఎంత తొందరగా అయితే అంత మంచిదంటున్నాడు.

“నెలన్నర నోరు కట్టేస్తారటగా,” అంది అత్తగారు ఆపిల్ ముక్క అందుకుంటూ. “ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. మరి పనెలాగో?”

“పనికి నోరెందుకమ్మా? చేతులుంటే చాలు,” అన్నాడు అతను.

ఆమె గిన్నెలు తోముతూ ఆలోచించింది. చేయించుకుంటే, ఇన్నాళ్ళూ వీళ్ళన్నదంతా నిజమేనని ఒప్పుకున్నట్టు. ఆ ఫోన్లో మనిషిని తెచ్చి వాళ్ళ చేతుల్లో పెట్టినట్టు. మానేస్తే, వాళ్ళమీద కోపంతో తన నోట్లో పుండు తనే మేపుకున్నట్టు. ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి. ఆ రెండిటి మధ్యా నిలబడి, అంగిలి మీది పుండుని నాలుకతో తడుముకుంది. ఇది ఎవరిది? ఇది తనకి తప్ప ఎవరికీ తెలియదు. ఏ ఫొటోలోనూ పడదు.

మర్నాడు మధ్యాహ్నం షాపులో సెలవడిగి ఒక్కతే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది.

“మీవారు గడ్డం కూడా అడిగారు. అదీ చేసేద్దామా?” అంది డాక్టరమ్మ.

“నేను కొరుక్కుని తినడానికి అది అవసరమా అండీ?”

“లేదు. అందానికే.”

“అయితే వద్దు. గడ్డం కావాలంటే ఆయన్నే పెంచుకోమనండి.”

డాక్టరమ్మ పకపకా నవ్వింది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని నెమ్మదిగా చెప్పింది. “ఒకటుందమ్మా. కింది పెదవి మొద్దుబారుతుంది. చాలామందికి మళ్ళీ స్పర్శ వస్తుంది. కొందరికి పూర్తిగా రాదు. టీ ఒలికినా తెలియకపోవచ్చు. ముద్దు పెట్టుకున్నా తెలియకపోవచ్చు. చిన్న విషయం అనుకోకండి.”

ముద్దు అన్న మాట దగ్గరే ఆమె ఆగిపోయింది. దీపం ఆర్పాక కూడా అతను ఆమె మొహాన్ని దిండువైపు తిప్పేసేవాడు. మగవాళ్ళంతా అంతే కాబోలనుకుంది కొన్నాళ్ళు. కాదని తెలిశాక, ఏనాటికైనా ముద్దు పెట్టుకోకపోతాడా అనుకుంది. ఎన్నడూ లేనిదాన్ని పోగొట్టుకోవడానికి ఇంత దుఃఖం ఎక్కణ్ణుంచి వస్తోందో అర్థం కాలేదు. వేలెత్తి కింది పెదవిని తాకింది. వెచ్చగా ఉంది.

“దీనికి ఇంతవరకూ తెలిసిందేమీ లేదు డాక్టరుగారూ. అయినా నాది. పోతే నాకు బాధే,” అంది. “చేయండి. నొప్పి లేకుండా తినాలని ఉంది.”

ఆపరేషన్ అయ్యాక ఆస్పత్రినుంచి నేరుగా వాళ్ళింటికే వస్తానని అక్కకి ఫోన్ చేసింది. “మీ ఆయనకి ఏం చెప్పి వస్తావే?” అని అక్క భయపడింది. “వెళ్తున్నానని చెప్తాను,” అంది.

చెప్పింది కూడా. అతను నమ్మలేనట్టు చూశాడు. “నెలన్నరా? మరి వంట?”

“చేతులుంటే చాలన్నారుగా. మీకూ రెండున్నాయి.”

ఆపరేషన్ అయింది. పై పళ్ళకీ కింది పళ్ళకీ రబ్బరు పట్టీలు బిగించారు. నోరు తెరుచుకోదు, మాట రాదు. తాగే ద్రవం పెదవి మీంచి కారిపోతున్నా తెలిసేది కాదు. అక్క గుడ్డ పట్టుకుని పక్కనే ఉండి తుడిచేది. పెదవి చచ్చిన చర్మంలా వేలాడుతుంటే కొన్ని పూటలు గోడవైపు తిరిగి ఏడ్చింది. అంగిలి మీది పుండు మాత్రం మానిపోయింది. పొద్దున్నే లేచి నాలుకతో వెతికితే నున్నగా తగిలింది.

వాపు ఇంకా తగ్గకముందే అతను అక్క ఇంటికి వచ్చాడు. కమిలిన బుగ్గల్ని చూసి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

“ఇంటికెప్పుడొస్తావు? అమ్మకి నడుం పట్టేసింది.”

ఆమె తల అడ్డంగా ఊపింది.

“ఇప్పుడే రానంటున్నావా, అసలు రానంటున్నావా?”

ఆమె రబ్బరు పట్టీలు చూపించింది. ఇవి తీశాక చెప్తాను, ఆగమని చేత్తో సైగ చేసింది. అతను మంచం పక్కన కుర్చీలో కూలబడ్డాడు. ఆమె మాట కోసం అతను ఎదురుచూడవలసి రావడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి.