కూత పడేవరకు

మా నూలు మిల్లులో నా పేరు కూతలయ్య. రోజుకి నాలుగుసార్లు బాయిలర్ గదిలో గొలుసు లాగి ఆవిరి కూత వెయ్యడం నా పని కాబట్టి ఆ పేరొచ్చింది. నా వెనక మాత్రం కొమ్ము తీసేసి ఓత్వం పెట్టి కోతలయ్య అనేవారు. నేను చదివింది ఐదో తరగతే అయినా కొమ్ముకీ ఓత్వానికీ తేడా తెలుసు. అయినా వినపడనట్టే ఉండేవాణ్ణి.

నిజం చెప్పొద్దూ, కోతలు కోసేవాణ్ణే. ఒకసారి జలుబు చేసి నిమిషం ఆలస్యంగా కూత వేస్తే, సూర్యుడు మిల్లు పొగగొట్టం మీద గడ్డం ఆనించుకుని "ఏమయ్యా, దిగమంటావా వద్దా?" అని అడిగాడని చెప్పేవాణ్ణి. నా కూత దెబ్బకి ఊళ్ళో కోళ్ళన్నీ పని మానేసి పింఛను కోసం అర్జీ పెట్టుకున్నాయనీ చెప్పేవాణ్ణి. కానీ ఒక్క విషయంలో కోత లేదు. గొలుసు లాగాక మనసులో ఇరవై అంకెలు లెక్కపెట్టి వదిలేవాణ్ణి. పంతొమ్మిది కాదు, ఇరవై ఒకటి కాదు. ముప్పై ఒక్క ఏళ్ళు అలాగే వేశాను. ఊళ్ళో గడియారాలు నన్ను చూసి సిగ్గుపడేవి.

ఏటా ఒక శనివారం గోడౌను వెనక మైదానంలో వడుకు షెడ్డుకీ రంగుల షెడ్డుకీ ఫుట్‌బాల్ పోటీ. గెలిచిన షెడ్డుకి షీల్డు. సమానమైతే షీల్డు పాతవాళ్ళ దగ్గరే ఉంటుంది. మైదానంలో అయిదుగురికి వాచీలుంటే ఆరు టైములుండేవి. అందుకని కమిటీవాళ్ళు కాయితం మీద రూలు రాశారు: "నాలుగు గంటల కూతతో ఆట మొదలు. అయిదు గంటల కూత పడేవరకు ఆట సాగును." అంత చక్కగా రాసినవాడు ఆ 'పడేవరకు' అనే మాట కొంపముంచుతుందని అనుకోలేదు.

వడుకు షెడ్డు గోల్‌కీపరు మా బావమరిది. పంతొమ్మిదేళ్ళుగా ఆ కర్రల మధ్య నిలబడ్డాడు. షీల్డు ఒక్కసారి కూడా చేతికందలేదు. ఆ నెలాఖరుకి రిటైరు. అంటే అదే ఆఖరి ఆట. రంగుల షెడ్డులో గోల్స్ కొట్టేవాడు మా అల్లుడు. షీల్డు అప్పటికి మూడేళ్ళుగా వాళ్ళదే. ఆ వారమంతా మా ఇంట్లో మా ఆవిడ తమ్ముడి వైపు, మా అమ్మాయి మొగుడి వైపు. నేను చెవిటివాళ్ళ వైపు.

బాయిలర్ గది కిటికీలోంచి వడుకు షెడ్డు గోలు, దాని ముందు సగం మైదానం కనపడతాయి. అయిదుకి పావుగంట ఉందనగా బంతి ఎవరి వీపుకో తగిలి, నాకు కనపడని ఆ చివర రంగులవాళ్ళ గోల్లో పడిందట. ఒకటి–సున్నా. ఇక చూడండి మా బావమరిది పనితనం! బూటు తాడు కట్టుకోడానికి కూర్చున్నాడు. అంతసేపు కట్టుకుంటుంటే ఓడకి లంగరు వేస్తున్నాడేమో అనుకున్నాను. బంతి గోడ దాటితే తనే తేవాలంటాడు. తేవడానికి పెళ్ళికొడుకులా అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్తాడు.

"కాంపౌండర్ గారూ, ఆయన కాళ్ళకి ఏదైనా మందెయ్యండి, చచ్చుబడ్డాయి!" అని రంగులవాళ్ళు అరిచారు. మిల్లు ఆస్పత్రి కాంపౌండరే రెఫరీ.

"వయసైపోయింది నాయనా, రిటైరవుతున్నాను," అన్నాడు మా బావమరిది, ఇంకో తాడు విప్పుతూ.

అయిదయింది. గొలుసు లాగాను. సరిగ్గా అప్పుడే మైదానం మధ్యలో బంతి మా అల్లుడి కాలికి దొరికింది. కూత వినగానే వడుకువాళ్ళు చేతులు పైకెత్తి ఒకరినొకరు వాటేసుకున్నారు. మా అల్లుడు మాత్రం ఆగలేదు. ఒకణ్ణి దాటాడు, ఇంకొకణ్ణి దాటాడు, మూల దాకా వెళ్ళి మళ్ళీ లోపలికి తిరిగాడు. మా బావమరిది అప్పటికే ఒక చేతి గ్లౌజు తీసేశాడు. అల్లుడు తన్నాడు. బంతి వలలో పడింది. గొలుసు ఇంకా నా చేతిలోనే ఉందని అప్పుడు చూసుకున్నాను. వదిలేశాను. కూత ఆగింది.

"గోల్!" అన్నారు రంగులవాళ్ళు.

"కూత పడ్డాక గోలేంటి? అది గోలు కాదు, గోల!" అన్నారు వడుకువాళ్ళు.

"కూత ఎక్కడ పడింది? ఇంకా వినపడుతుంటే! పడటమంటే ఆగడం. తెర పడింది అంటే నాటకం అయిపోయిందని గదా?"

"మరి వాన పడింది అంటే? వాన ఆగిందనా?"

"గాలి పడిందంటే? ఆగిందనేగా!"

"దెబ్బ పడిందంటే ఏమిటో చూపించమంటావా?"

కాంపౌండరు ఒళ్ళంతా చెమటతో, "సోమవారం కమిటీలో తేలుద్దాం," అని షీల్డు పట్టుకెళ్ళి మందుల బీరువాలో పెట్టి తాళం వేశాడు.

మర్నాడు మధ్యాహ్నం అందరం మా ఇంట్లోనే భోజనం. అమ్మాయీ మా ఆవిడా గిన్నెలతోనే మాట్లాడుకుంటున్నారు. బావమరిది ఒక్క వేళాకోళం ఆడలేదు. దానికే నాకు భయం వేసింది.

"బావా, వలలో ఆ బంతి ఇంకా అలాగే ఉంది. నేను తియ్యలేదు," అన్నాడు చేయి కడుక్కుంటూ. "పంతొమ్మిదేళ్ళలో ఎన్ని తీశానో. గోలైతే కీపరే తీసుకోవాలిగా. ఇది గోలో కాదో చెప్పందే ఎలా తియ్యను?"

"కూత విని బంతే భయపడి వలలో దాక్కుందేమో రా," అన్నాను.

నవ్వలేదు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. నేను ఎన్ని అంకెలు పట్టుకున్నానో నాకు తెలుసు. చెబితే నా ముప్పై ఒక్క ఏళ్ళ ఇరవై ఏమైపోవాలి? నోరు మూసుకున్నాను.

సోమవారం పొద్దున్నే రంగుల మేస్త్రీ బాయిలర్ గదికి వచ్చాడు. మోచేతుల దాకా నీలం. జన్మలో ఒక్క ఆట చూడని మనిషి.

"ఏమోయ్ కూతలయ్యా, శనివారం గొలుసు పట్టుకుని నిద్రపోయావా?"

"ఏం?"

"ఏమిటా? రంగు చేతులతో నేను వాచీ చూడలేను గదా! రంగు సరిగా కుదిరిందో లేదో చూడ్డానికి, నీ అయిదు గంటల కూత మొదలవగానే ఆ రోజు రంగులో ఓ నూలు చిలప ముంచుతాను, ఆగగానే తీస్తాను. తేదీ చీటీ కట్టి గోడ మేకుకి తగిలిస్తాను. ఏడాదంతా ఒకే లేత నీలం. శనివారం చిలప చూడు, పావురాల వరసలో కాకి!"

"ఆవిరి ఎక్కువైందిలే," అన్నాను.

"ఆవిరా, నీ మొహమా!" అని సణుక్కుంటూ పోయాడు.

సాయంత్రం షిఫ్టు అవగానే క్యాంటీన్లో కమిటీ కూర్చుంది. మళ్ళీ వాన, తెర, గాలి, దెబ్బ. ఒకాయన ఇంటినుంచి నిఘంటువు కూడా తెచ్చాడు. అందులో 'పడు'కి రెండు పేజీల అర్థాలున్నాయి. ఎవరికి కావలసింది వాళ్ళు చదువుకున్నారు. మా బావమరిది మూల బల్ల మీద గ్లౌజులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అతని మొహం చూశాక ఇక ఆగలేక లేచాను.

"పడటమంటే మొదలవడమైనా, ఆగడమైనా, ఆ గోలు చెల్లదు. కూత ఇరవై అంకెలు ఉండాలి. నేను ఆట చూస్తూ మర్చిపోయి నలభై దాకా పట్టుకున్నాను. తప్పు నాది."

క్యాంటీనంతా పడీ పడీ నవ్వింది.

"కోతలయ్య కోత కోశాడ్రోయ్! పోయిన వారమే ముప్పై ఏళ్ళలో ఇరవై ఒకటి అనలేదన్నాడు!"

"మామయ్యా," అన్నాడు అల్లుడు గౌరవంగానే, "అత్తయ్య పోరు పడలేక చెబుతున్నారు గదా?"

అది నాకు తగల్లేదు. బావమరిది లేచి అన్న మాట తగిలింది. "వద్దు బావా. ఇన్నేళ్ళూ లేనిది ఇప్పుడు దానంగా వద్దు."

బతుకంతా అబద్ధం చెబితే విన్న జనం, ఒక్క నిజం చెబితే నమ్మరే! అప్పుడు మేస్త్రీ గోడ గుర్తొచ్చింది. ఉదయం నుంచీ ఎవరి కంటా పడకూడదని మొక్కుకుంటున్న గోడ.

"అందరూ లేవండి. రంగుల షెడ్డుకి పదండి," అన్నాను.

గోడ మీద వరసగా మేకులు, మేకుకో చిలప. అన్నీ ఒకే లేత నీలం. శనివారం చీటీ ఉన్నది మాత్రం బడిపిల్లల సిరాబుడ్డిలో పడి లేచినట్టుంది. ఈ చిలప కథంతా మేస్త్రీయే ఇంకోసారి చెప్పాడు, నన్ను తిడుతూ. "పైగా ఆవిరి అని బొంకాడు!" అన్నాడు. నన్ను అంత గొప్పగా ఎవరూ ఎప్పుడూ సమర్థించలేదు.

అల్లుడు ఆ చిలప పట్టుకుని చాలాసేపు చూశాడు. రంగులు అతనికి తెలిసినంత ఇంకెవరికి తెలుసు?

"ఇది రెట్టింపు సేపు ముంచిందే," అన్నాడు చివరికి. "నిజం చెప్పాలంటే, కూత ఇవాళ ఇంతసేపుందేమిట్రా అని పరుగెడుతూ నేనే అనుకున్నాను. ఇరవై అంకెలకి నేనింకా ఆ మూల దగ్గరే ఉండుంటాను. గోలు కాదు."

కాంపౌండరు గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. "అయితే పడటమంటే ఏమిటో నేను తేల్చక్కర్లేదన్నమాట!" అని బీరువా తాళం చెవి తీశాడు.

మా బావమరిది షీల్డు కోసం ఆగలేదు. తిన్నగా మైదానానికి నడిచాడు. వెనకాలే మేమంతా. వలలోంచి బంతి తీసి, దుమ్ము దులిపి, అల్లుడి వైపు తన్నాడు.

"ఇదిగో అల్లుడూ. ఇది గోలు కాదు గనక నేను తీసినా నామోషీ లేదు."

"చిన్న మామయ్యా, ఇంకొక్కటి కొట్టనా? ఊరికే."

"కొట్టు చూద్దాం! గ్లౌజులు రెండూ వేసుకోనీ."

చీకటి పడేదాకా కొట్టాడు. మూడు వలలోకి పోయాయి, నాలుగు మా బావమరిది ఆపాడు. ఆ సాయంత్రం షీల్డు మా ఇంట్లో టీ గ్లాసుల మధ్య బోర్లించి ఉంది. తల్లీకూతుళ్ళు దాన్ని చెరోవైపూ పట్టుకుని తుడిచారు.

కమిటీవాళ్ళు రూలు మార్చి 'కూత మొదలవగానే' అని రాశారు. మేస్త్రీ మాత్రం ఆ చిలప తియ్యనన్నాడు. నేను రిటైరై ఇన్నేళ్ళయినా అది ఆ మేకుకే ఉందట. నిజం చెప్పినట్టు గోడ మీద సాక్ష్యమున్న కోతలయ్యని ఈ భూమ్మీద నేనొక్కణ్ణే.

అన్నట్టు, ఆ శనివారం సూర్యుడు కూడా ఇరవై అంకెలు ఆలస్యంగా దిగాడు. పొగగొట్టం మీద గడ్డం ఆనించుకుని ఆట చూస్తూ ఉండిపోయాడు. కావాలంటే మా బావమరిదిని అడగండి. ఈమధ్య నా మాటలన్నిటికీ అతనే సాక్ష్యం చెబుతున్నాడు.