పన్ను పీకించుకోవాల్సిన రోజు

బుచ్చిరాములు మగ్గం నాడె కన్నుకు పెదవులు ఆనించి గట్టిగా పీల్చాడు. దారం రాలేదు. ఇంకోసారి పీల్చాడు. ఎడమ దవడ కింద నుంచి చెవిదాకా ఎవరో ఇనుప చువ్వ దూర్చినట్టయి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ముప్పై ఒక్క ఏళ్లుగా చేస్తున్న పని అది. దారం కండెను నాడెలో పెట్టడం, నాడెను నోటికెత్తి ఒక్క పీల్పుతో దారాన్ని కన్నులోంచి బయటికి లాగడం, మిగిలిన కొసను ముందు పంటితో పుటుక్కున తెంపి నాడెను సాంచలో, అంటే మరమగ్గంలో, వేయడం. తెంపీ తెంపీ ఆ ముందు పన్ను అంచున దారం పట్టేంత సన్నని గాడి పడింది. ఊరికి పోయినప్పుడు తోటివాళ్లకు ఆ గాడి చూపించి నవ్వేవాడు. ఇవాళ ఆ నోటిలోకి వేలు కూడా దూరేలా లేదు.

పక్క వరుసలోంచి సదానందం చూశాడు. బుచ్చిరాములుకు మేనమామ కొడుకు, జగిత్యాల దిక్కు నుంచి అతనితోపాటు ఒకే రైలెక్కి సూరత్ వచ్చినవాడు. వచ్చి, బావ చేతిలోంచి నాడె తీసుకుని, దారం పీల్చి, కొస తెంపి ఇచ్చాడు. బుచ్చిరాములు ఏదో అన్నాడు. షెడ్డులో నూటపాతిక సాంచెలు ఒక్కసారిగా దడదడలాడుతుంటే మాట వినపడే ప్రసక్తి లేదు. అక్కడ అందరూ ఒకరి పెదవులు ఒకరు చూసి మాటలు పోల్చుకుంటారు. బుచ్చిరాములు గడ్డం కింద నుంచి నడినెత్తిదాకా తువ్వాలు బిగించి కట్టుకున్నాడు. వాచిన పెదవుల మీద మాట ఆనవాలే లేదు. సదానందం అతని చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు.

“బావా, దవాఖానకు పోతవా లేదా? గొంతు కిందికి దిగింది వాపు!”

బుచ్చిరాములు సాంచ మీది గుడ్డ చుట్టను చూపించి, నాలుగు వేళ్లు ఎత్తాడు. ఇంకా నాలుగు మీటర్లే ఉన్నాయి, ఈ తాకా దించి పోతానని అర్థం. ఆ రోజు పదో తారీఖు, కూలి లెక్క కట్టే రోజు. నూరు మీటర్లు నిండి దించిన తాకాకే ఈ పదిహేను రోజుల పగార్‌లో లెక్క. మిగిలింది ఎవరు దించితే వాళ్లది.

పన్ను నొప్పికి ఎవరూ చావరని అందరూ అంటారు. అనేవాళ్లకు పన్ను నొప్పి ఉండదు. బుచ్చిరాములుకు ఎండాకాలం మొదట్లో దవడ పన్ను పుచ్చిందని తెలిసింది. మొదట తంబాకు కుక్కాడు. తర్వాత వేస్టు దారాన్ని ఉండచుట్టి లవంగనూనెలో ముంచి కుక్కాడు. అది కుదరక, సాంచెల వాళ్లంతా చేసే వైద్యమే తనూ చేశాడు. సాంచ కింద గంటల తరబడి తిరిగి వేడెక్కిన మోటారుకు చెంప ఆనించడం. కాపడం పెట్టినట్టుంటుంది. పది నిమిషాలు నొప్పి కళ్లు మూసుకుంటుంది. ఆ వేడికి లోపలి చీము దారి వెతుక్కుని గొంతులోకి జారుతుందని అతనికి చెప్పినవాడు లేడు.

సర్కారీ దవాఖానలో పన్ను పీకడానికి డబ్బు తీసుకోరు. ఈ మాట నూటికి నూరుపాళ్లూ నిజం. చిట్టీకి ఐదు రూపాయలు, అంతే. కానీ ఆ చిట్టీ ఇచ్చే కిటికీ పొద్దున తొమ్మిదికి తెరిచి పన్నెండుకు మూస్తారు. షెడ్డున్న ఉన్ అనే శివారు నుంచి అక్కడికి పోవాలంటే రెండు ఆటోలు మారాలి. పోయినవాడి పగటి కూలి పోతుంది. మొదటిసారి పోతే పంటికి ఎక్స్‌రే ఫొటో తీయించుకు రమ్మన్నారు, ఫొటో మిషను దగ్గర మర్నాటికి నంబరు ఇచ్చారు. అలా రెండు రోజులు పోయాయి. మూడోసారి పోతే రక్తం చూసి, చక్కెర మస్తుగా ఉంది, అది తగ్గాకే పీకుతామన్నారు. బయట కొనుక్కోమని మాత్రలు రాశారు. మూడు గైర్హాజర్లకు మూడు రోజుల కూలి, ఆపైన హాజరు బోనసు ఎగిరిపోయాయి. ఉచితమైన పన్ను ఇంకా నోట్లోనే ఉంది. షెడ్డు యజమాని సేఠ్ పిలిచి నింపాదిగానే చెప్పాడు, “ఇంకో ఖాడా పెడితే వేరే పని చూస్కో చాచా” అని. ఖాడా అంటే నాగా.

పొద్దున ఇల్లు వదిలేటప్పుడు భార్య జమున గడపకు అడ్డంగా నిలబడింది. చీరెల అంచుల దారాలు కత్తిరించే చిన్న కత్తెర ఇంకా చేతిలోనే ఉంది.

“రాత్రంత కూసోనే ఉన్నవు. పండుకుంటె ఊపిరాడ్తలేదంటివి. ఇయ్యాల దవాఖానకు పోకపోతె నామీద ఒట్టే!”

“తాకా దించి పోత,” అన్నాడు. ఆ మాట నోట్లో వేడి ముద్ద పెట్టుకుని అన్నట్టు వచ్చింది. ఆమె చేసిన జావ గిన్నెలో అలాగే ఉండిపోయింది. రెండు రోజులుగా ఉమ్మి కూడా మింగలేక తువ్వాలుకే తుడుచుకుంటున్నాడు.

నాలుగు మీటర్లు ఎంతసేపు? మామూలుగా అయితే చూస్తుండగానే అయిపోవాలి. ఆ రోజు పడుగు దారాలు పగబట్టినట్టు తెగాయి. ఒకటి అతికితే రెండు తెగాయి. కళ్లకు దారం రెండుగా కనిపిస్తోంది. పదకొండుంబావుకు తాకా దిగింది. తన ఆరు సాంచెలూ సదానందానికి అప్పగించి, రోడ్డు మీదికి పరుగులాంటి నడకతో వచ్చి ఆటో ఎక్కాడు. పన్నెండు దాటి ఎనిమిది నిమిషాలకు దవాఖానలో కిటికీ ముందు నిలబడ్డాడు. లోపలి మనిషి చెక్క తలుపు మూసేసి అన్నం డబ్బా విప్పుకుంటున్నాడు. తట్టితే “కల్ సుబహ్”, రేపు పొద్దున రమ్మన్నాడు, తల ఎత్తకుండానే.

బుచ్చిరాములు అక్కడే గోడకు జారబడ్డాడు. కోపం కూడా రాలేదు. నిజం చెప్పాలంటే కోపానికి కావాల్సినంత ఊపిరి లేదు.

అటుగా పోతున్న ఒక డాక్టరమ్మ ఆగింది. ఇరవై నాలుగు, ఇరవై ఐదేళ్ల పిల్ల. తువ్వాలు విప్పించి దవడ కింద వేళ్లతో నొక్కింది. రాయిలా ఉంది. నాలుక ఎత్తమంటే అప్పటికే అది పైకి తన్నుకుని ఉంది. ఆ పిల్ల ముఖం మారిపోయింది.

“చాచా, అభీ భర్తీ హోనా పడేగా. అభీ! సాంస్ బంద్ హో జాయేగీ,” అంది. ఇప్పుడే దవాఖానలో చేరాలని, లేకపోతే ఊపిరి ఆగిపోతుందని.

అతను వేళ్లు చూపించి ఎన్ని రోజులని అడిగాడు.

“పాంచ్-ఛే దిన్. పైసా నహీ లగేగా.”

పైసా అక్కర్లేదన్న మాట విని బుచ్చిరాములుకు నవ్వొచ్చింది, కానీ నవ్వు ముఖం మీదికి రాలేదు. ఆరు రోజులు. సూరత్ షెడ్లలో ఒక కట్టుబాటు ఉంది. ఊరికి పోయినా, జ్వరమొచ్చినా, తన మనుషుల్లోంచి ఒకణ్ణి తెచ్చి తన సాంచెల ముందు తానే నిలబెట్టి పోవాలి. అలా బదిలీ మనిషిని పెడితే అది నాగా కాదు, తిరిగి వచ్చేదాకా సాంచెలు అతని పేరునే ఉంటాయి. చెప్పకుండా పోతే సాయంత్రానికల్లా ఇంకెవరో వాటి ముందు ఉంటారు. యాభై రెండేళ్లవాడికి, చక్కెర జబ్బువాడికి కొత్త షెడ్డులో ఎవడిస్తాడు సాంచెలు?

“ఏక్ ఘంటా,” ఒక్క గంటలో వస్తానన్నాడు చేతులు జోడించి. డాక్టరమ్మ వద్దని చెయ్యి పట్టుకుంది. నాలుగడుగులు వెంట వచ్చింది కూడా. లోపల ఎవరో పిల్లవాడు కెవ్వున ఏడ్చాడు, ఎవరో ఆమెను పేరుపెట్టి పిలిచారు. ఆమె తిరిగి చూసేసరికి బుచ్చిరాములు గేటు దాటాడు.

ఆటోలోంచి జమునకు ఫోను చేశాడు. “బట్టలు... సదురు... దవాఖానల... ఉంచుకుంటరట... వచ్చి... తీస్కపోత.” జమునకు మూడుసార్లకు అర్థమైంది. అర్థమై దేవుడికి దండం పెట్టుకుంది. సంచిలో దుప్పటి, గ్లాసు, రెండు బనీన్లు, మళ్లీ కాచిన జావ డబ్బా సర్దుకుని, అతను వచ్చి తీసుకుపోతాడని గడప మీద కూర్చుంది.

బదిలీకి ఉన్నది ఒక్క గోపాల్. వాళ్ల ఊరివాడే. వేరే షెడ్డులో రాత్రి పాళీ చేసి పగలు పడుకుంటాడు, రెండు పాళీలూ చేయగల వయసు. సదానందం ఫోను చేస్తే నాలుగింటికి వస్తానన్నాడు. బుచ్చిరాములు షెడ్డుకు చేరి అది తెలుసుకునేసరికి రెండు కావస్తోంది.

“గోపాల్‌ను నేను నిలవెడ్త. నువ్వు పో బావా, నీ కాళ్లు మొక్కుత!” అని సదానందం చెవిలో అరిచాడు.

బుచ్చిరాములు తల అడ్డంగా ఊపాడు. తనే నిలబెట్టాలి, సేఠ్ చూడాలి. పైగా నాలుగింటిదాకా సాంచెలు ఊరికే ఎందుకుండాలి? అంత అవస్థలోనూ అతనికి ఆ ఆలోచనే వచ్చింది. దాన్ని ఆశ అనాలో, అలవాటు అనాలో తెలియదు.

చేసేదిలేక సదానందం ఆరు నాడెలకు తన నోటితో దారం పీల్చి, బావ సాంచెల పక్కన చెక్క మీద వరుసగా పేర్చాడు. ఇక వాటిని తీసి వేయడమే పని. తొందరలో కొసలు తెంపడం మరిచాడు. బుచ్చిరాములు ఒక్కొక్కటీ తీసుకుని, పళ్లు కలవక, కొసను వేలికి చుట్టి లాగి తెంపి వేశాడు. పాలియెస్టరు దారం వేలిని కోసింది. అలా ఐదు వేశాడు. తర్వాత ఆరో సాంచ దగ్గర గొంతుక్కూర్చుని, వెచ్చటి మోటారుకు చెంప ఆనించాడు.

సదానందం చూశాడు. తల వాల్చి, కళ్లు మూసుకుని, బావ కదలకుండా ఉన్నాడు. రాత్రంతా నిద్రలేని మనిషికి కాస్త కన్నంటుకుందనుకున్నాడు. పాపం, పడుకోనీ అనుకుని, మోటారు తిరుగుతున్న ఆ ఆరో సాంచ జోలికి పోకుండా, తన ఆరింటితోపాటు మిగతా ఐదింటికీ పరుగెత్తి, అవి ఆగకుండా చూసుకున్నాడు. పదకొండు సాంచెలు ఒక్కడు నడపడం మాటలు కాదు. చెమటలు కారుతున్నా లోలోపల సంతోషంగానే ఉన్నాడు.

సరిగ్గా నాలుగింటికి గోపాల్ వచ్చాడు. వంగి, బుచ్చిరాములు భుజం మీద చెయ్యేసి, “మామా, ఏ సాంచెలు?” అని అడిగాడు. మనిషి పక్కకు ఒరిగిపోయాడు. మోటారు వేడికి చెంప మాత్రం ఇంకా వెచ్చగానే ఉంది.

సదానందం అరుపు ఎవరికీ వినపడలేదు. అతని నోరు చూసి అందరికీ తెలిసింది.

అంబులెన్సు అతణ్ణి ఆ దవాఖానకే తీసుకుపోయింది. కిటికీ మూసే ఉంది, అయినా ఈసారి ఎవరూ ఆపలేదు. దారిలో ఎక్కించుకున్న జమున సంచి ఒళ్లో పెట్టుకుని బండిలో భర్త పక్కన కూర్చుంది. జావ కారి దుప్పటి తడిసింది. “వస్తనంటివి గద, తీస్కపోతనంటివి గద,” అని తువ్వాలు కట్టిన ఆ ముఖంతోనే మాట్లాడుతూ పోయింది.

చీకటి పడకముందే సేఠ్ వచ్చి, బదిలీ మనిషి ఎలాగూ వచ్చాడు కదా అని సాంచెలు నడపమన్నాడు. గోపాల్ ఏడుస్తూనే ఐదింటిని తిప్పాడు. ఆరోదాని దగ్గరికి పోలేకపోయాడు. దాని పక్కన, చెక్క మీద, సదానందం పీల్చి పెట్టిన చివరి నాడె అలాగే ఉంది. పంటితో తెంపాల్సిన దారం కొస దాని కన్నులోంచి జానెడు వేలాడుతోంది.