ప్లాస్టిక్ గులాబీలు

"ఇక నీకు శ్రమ ఉండదు" అంటూ మా ఆయన హాల్లో బల్లమీది చామంతుల్ని వాజులోంచి తీసేసి, ప్లాస్టిక్ గులాబీలు గుచ్చారు. అత్తయ్య కళ్ళద్దాలు సవరించుకుని, "రేకులు ఊడ్చే పని తప్పింది" అన్నారు, రోజూ ఊడ్చేది తనే అయినట్టు. పాపం, ఇద్దరూ నా మంచికే అనుకున్నారు.

నిజానికి ప్రతి శనివారం పొద్దున్నే నేను పూల దుకాణానికి వెళ్ళేది ఇల్లు అందంగా ఉండాలని కాదు. అక్కడ నన్నెవరూ పిలవరని. చలికాలంలో చామంతులు, వానలప్పుడు లిల్లీలు, ఎండలకు పూలు దొరక్కపోతే ఉత్త పచ్చటి కొమ్మలు. ఇంటికొచ్చి బకెట్టు ముందు కూర్చుని, కాడల్ని నీళ్ళలోనే ఏటవాలుగా కత్తిరించేదాన్ని. గాలి తగిలితే కాడ నీళ్ళు పీల్చదట, దుకాణం ఆవిడ నేర్పింది. ఒక్కో పువ్వునూ తిప్పి చూసుకుంటూ ఉంటే కుక్కరు కూతలు పక్క వీధిలోంచి వస్తున్నట్టు వినిపించేవి. ఏ కొమ్మ ఎటు వాలాలో అదే చెప్పేది, నేను వినేదాన్ని. ఆ గంటసేపూ నేను ఎవరి భార్యనూ కాను, ఎవరి కోడలినీ కాను. పెళ్ళికి ముందటి నేను వచ్చి పక్కన చతికిలబడినట్టు ఉండేది. మేమిద్దరం ఏమీ మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఎంత హాయో.

ప్లాస్టిక్ గులాబీలొచ్చాక ఆ గంటలోకి ఆయన చొక్కాల ఇస్త్రీ వచ్చి చేరింది. ఎవరు చెప్పారో గుర్తులేదు. ఖాళీగానే ఉన్నాను కదా అనుకుని ఉంటారు.

మూడో శనివారం, ఇస్త్రీపెట్టె వేడెక్కేలోగా, ఏదో లోకంలో ఉండి ఆ గులాబీల్ని బకెట్టులో ముంచాను. కత్తెర పట్టాను. లోపలి తీగ తెగక కీచుమంటున్నా నొక్కాను. నాలుగు కాడలు తెగాక గానీ ఈ లోకంలోకి రాలేదు.

ఆయన గుమ్మంలో నిలబడి నవ్వుతున్నారు. "మతిగానీ పోయిందా నీకు? వాటికి నీళ్ళేమిటి, కత్తిరించడమేమిటి? అవి ఎప్పటికీ వాడవు."

ఎప్పటికీ. ఆ మాటకి నిజంగానే భయమేసింది. అవి వాడకపోతే నేనిక ఏ శనివారమూ గడప దాటక్కర్లేదు.

చేతులు తుడుచుకుని సంచీ తీసుకున్నాను.

"ఎక్కడికి? మరి నా చొక్కాలో?"

"ఇస్త్రీపెట్టె వేడెక్కే ఉంటుంది, మీరు చేసుకోండి" అన్నాను చెప్పులు వేసుకుంటూ. "నాకు వాడిపోయే పూలే కావాలండీ. వాడిపోతేనే కదా, మళ్ళీ నేను వెళ్ళేది."