మూడు తెరల వరస

ఆ వారంలో అది నాలుగోసారి. వదిన కంప్యూటర్ మీట నొక్కి, తెరలు ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి వెలిగించేసరికి, పేజీలన్నీ ఎడమ తెర మీద గుట్టగా పడి ఉన్నాయి. మధ్య తెర ఖాళీ. కుడి తెర మీద అక్షరాలు గుమ్మడికాయలంత ఉన్నాయి. నిన్న మధ్యాహ్నం ఫోన్లో తీసిన ఫొటోలో మాత్రం అన్నీ బుద్ధిగా ఉన్నాయి. ఎడమ తెరలో రాతప్రతి, మధ్యలో కూర్చే పేజీ, కుడి తెరలో దిద్దుబాట్లు.

ప్రెస్సులో అందరూ ఆమెను వదిన అనే పిలుస్తారు. అలా పిలవడం మొదలుపెట్టినవాడు ఆమె మరిది. మధ్యాహ్నం నుంచి ఆ కుర్చీలో కూర్చునేది అతనే, ఆ ఉద్యోగం ఇప్పించింది ఆమే. పదేళ్ళ వయసు నుంచి ఆమె చేతి అన్నం తిన్నవాడు. అయితేనేం, వచ్చే నెల నుంచి ఒక్క మనిషే చాలని ఓనరు చెప్పాడు. తప్పులు తక్కువ చేసినవాళ్ళకే కుర్చీ. మొన్న ఈ గందరగోళంలోనే ఆమె దిద్దని పేజీ ఒకటి మిషనుకు పంపేసింది. అచ్చయ్యాక గానీ చూసుకోలేదు. మరిది తనకు గోతులు తీస్తున్నాడనడానికి ఇంకేం కావాలి?

"నిన్న సాయంత్రం తెరల మీద పేజీలు కదిపావా?" అని అడిగింది, అతను రాగానే.

"నువ్వు చెప్పినట్టే ఆర్పేసి వెళ్ళాను వదినా. కంప్యూటర్‌ని స్లీప్‌లో పెట్టి నిద్రపుచ్చాను. ఇంకేం ముట్టుకోలేదు."

ముఖం చూస్తే పాలు తాగే పసివాడిలా ఉంది. అదే ఆమెకు మరీ నచ్చలేదు. తప్పు చెయ్యనివాడు కాస్తయినా చిరాకు పడాలి కదా. ఆ రాత్రి ఆమె భర్తతో కూడా సరిగా మాట్లాడలేదు. తమ్ముడి పక్షమే కదా, ఆయనకేం చెబుతుంది?

మర్నాడు, సర్దిన పేజీలవీ చెదిరినవాటివీ ఫొటోలు పట్టుకుని ఓనరు గదికి వెళ్ళి, ఇది మరిది పనేనంది. ఆయన ఒకటికి రెండుసార్లు చూసి, మరిదిని పిలిచి, ఇక రావొద్దన్నాడు. మరిది వాదించలేదు. వెళ్తూ ఆమె బల్ల దగ్గర ఆగాడు.

"కుర్చీ కావాలంటే అడగొచ్చుగా వదినా. నేనే మానేసేవాణ్ణి."

ఈ మాటలో కూడా ఏదో ఎత్తు ఉందనుకుంది. సాయంత్రం తనే కంప్యూటర్ని నిద్రపుచ్చి, తెరలు ఆర్పి, తనే తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. హాయిగా నిద్రపోయింది.

పొద్దున వచ్చి కంప్యూటర్ మీట నొక్కింది. ఎడమ తెర తుడిచి వెలిగించింది. పేజీలన్నీ ఆ ఒక్క తెర మీదికి వచ్చి పడ్డాయి, ఆమె కళ్ళ ముందే.

గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. కంప్యూటర్ మేలుకున్నాక దానికి మొదట కనిపించింది ఆ ఒక్క తెరే. దానికి తెలిసిన ఇల్లు అదొక్కటే. మిగతా రెండూ ఆలస్యంగా వచ్చిన చుట్టాలు. అన్నీ సర్ది, మళ్ళీ నిద్రపుచ్చి, ఈసారి మూడు తెరలూ వెలిగించాకే మేలుకొలిపింది. పేజీల్లో ఒక్క గీత కూడా కదల్లేదు. ఇంకోసారి చేసింది, అంతే. వేడెక్కుతున్నాయి, పోయేటప్పుడు తెరలు ఆర్పమని మరిదికి చెప్పింది ఎవరు? తనే. అంతకుముందు అవి ఎప్పుడూ వెలుగుతూనే ఉండేవి. గొడవ మొదలైంది ఆ వారం నుంచే.

నోరు మూసుకుంటే కుర్చీ తనదే, ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. లేచి ఓనరు గదికి వెళ్ళి అంతా చెప్పేసింది. బయటికి వచ్చి మరిదికి ఫోన్ చేసింది.

"తప్పు నాదే. తెరల కంటే ముందు నేను కంప్యూటర్ని లేపడం వల్లే పేజీలు చెదిరాయి. ఓనరుగారితో చెప్పాను, సరేనన్నారు. రేపటి నుంచి నువ్వు రా, కుర్చీ నీదే."



"సరే వదినా," అన్నాడు. "ఆ మాటే కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వు. అప్పుడు వస్తాను."