పదిహేడో నంబరు ఫోటో

"రోజూ నొక్కుతుంటే సన్నబడుతుందమ్మా, నా మాట విను," అంటూ అత్తగారు స్నానం చేయించేటప్పుడల్లా మనవరాలి ముక్కు రెండు వేళ్ళతో పట్టి నొక్కేవారు. పిల్లకి ఏడేళ్ళు. ముక్కు అచ్చం తల్లిది. ఆ తల్లి మానవశాస్త్రం ప్రొఫెసరు. ముక్కు వెడల్పుకీ బుద్ధికీ ఏ సంబంధమూ లేదని ఇరవై ఏళ్ళుగా క్లాసులో బల్ల గుద్ది చెబుతున్న మనిషి, ఇంట్లో మాత్రం తువ్వాలు అందించి ఊరుకునేది. గడప దాటి లోపలికొస్తే డిగ్రీలన్నీ చెప్పులతో పాటు బయటే విడిచిపెట్టాలి మరి!

కాలేజీ మ్యూజియం గది చాలా ఏళ్ళకి మళ్ళీ తెరుస్తున్నారు. పాత ఫోటోలన్నిటికీ కొత్త చీటీలు రాసే పని ఆమె నెత్తిన పడింది. "మీ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది మేడమ్," అన్నారు శాఖాధిపతి. ముత్యాలు ఆమెవి, శిలాఫలకం మీద పేరు ఆయనది. ఎప్పుడూ ఉన్న పంపకమే.

పదిహేడో నంబరు దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. మనుషుల్ని జాతులుగా విడదీయడానికి పరిశోధకులు టేపులూ కెమెరాలూ పట్టుకుని ఊళ్ళు తిరిగిన రోజుల నాటి ఫోటో. కింద పాత చీటీ: "స్త్రీ. ముక్కు వెడల్పు. చదువు లేదు. పది దాకా లెక్కపెట్టడం రాదు. మందబుద్ధి."

అమ్మమ్మ!

ఆ కథ అమ్మమ్మ నోటే ఎన్నిసార్లు విన్నదో. "నా మొహమంతా కొలిచాడే ఆ టోపీ ఆయన! కొలిచి, పది దాకా లెక్కపెట్టమన్నాడు. అవతల నలుగురిళ్ళ బట్టలు గుట్టలా పడున్నాయి. నాకు పని ఉంది నాయనా, నువ్వే లెక్కపెట్టుకో అని వచ్చేశా," అని చెప్పి పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. ఆ జవాబుని ఆయన మందబుద్ధి కింద రాసుకుపోయాడని ఆవిడకి చివరిదాకా తెలియదు. ఆ బట్టలు ఉతికిన చేతులతోనే కూతుర్ని టీచర్ని చేసింది. ఆ కూతురు ఈమెని ప్రొఫెసర్ని చేసింది.

ఇంట్లో చెబితే భర్త ముఖం మాడ్చుకున్నాడు. "ఎవరి అమ్మమ్మో అనుకుని రాసెయ్. బట్టలుతికిన వంశమని చాటింపు వేసుకోవాలా? రేపు బడిలో పిల్లనేమంటారో ఆలోచించు."

ఆలోచించింది. గిన్నెలు తోముతూ, పిల్లకి జడ వేస్తూ, రెండు రోజులు అదే ఆలోచించింది. పిల్లకి సిగ్గుపడటం నేర్పుతున్నది బడి కాదు, ఈ ఇల్లే. తువ్వాలు అందిస్తూ నేర్పుతున్నది తనే. ఆ మాట తనకి తాను చెప్పుకోవడానికి చాలా కష్టమైంది.

గది తెరిచిన రోజు పిల్లని వెంటబెట్టుకెళ్ళింది. పిల్ల పదిహేడో ఫోటో ముందు నిలబడి తన ముక్కు తడుముకుంది.

"అమ్మా, ఈవిడకి నా ముక్కే ఉంది!" అని గది మారుమోగేలా అరిచింది. తర్వాత కూడబలుక్కుంటూ కొత్త చీటీ చదివింది. "ఈమె మా అమ్మమ్మ. లెక్కపెట్టడం రాక కాదు, పని ఆపడం ఇష్టం లేక జవాబు చెప్పలేదు. ఇది రాసినది ఆమె మనవరాలు, ఈ శాఖలో ప్రొఫెసర్."

చదవడం అయ్యాక పిల్ల తలెత్తింది. "ఇంక నానమ్మని నొక్కనివ్వను."

తల్లి గుండె పొంగిపోయింది. అంతలో ఫోన్ మోగింది. భర్త.

"చీటీ పెట్టేశావా? ఏం రాశావు? ముందు చదివి వినిపించు."

ఆమె ఫోటోలోని అమ్మమ్మ కళ్ళలోకి చూసింది.

"నాకు పని ఉందండీ," అంది. "మీరే వచ్చి చదువుకోండి."